ముప్ఫై మైళ్ళు దాటని వేసవి

మా మేనల్లుడు కొన్న కొత్త కారుకి ఇంజను లేదు. నా మాటల్లో సగం కొట్టేసి వినాలని మా చుట్టాలందరికీ తెలుసు గనక ముందే చెప్పేస్తున్నాను, ఇది కొట్టేయక్కర్లేని సగంలోది. కరెంటుతో నడిచే బండి. మీట నొక్కితే పిల్లి లేచి వెళ్ళిపోయినట్టు వెళ్ళిపోతుంది. వరసకి మేనల్లుడే అయినా మొన్న ఆదివారం పొద్దున్నే వచ్చి, అలా భీమిలి దాకా తిరిగొద్దాం రా మావయ్యా, ఇంట్లో ఒక్కడివీ ఏం చేస్తావని ఎక్కించుకున్నాడు. ముందు సీట్లో వాడి ఆఫీసు సంచీ కూర్చుంది. వెనక సీట్లో నేను కూర్చున్నాను. వాడి చెవుల్లో చెరో తెల్ల గింజ ఉంది. వాటిలోంచి ఎవరో మాట్లాడుతున్నారు, వాడు అద్దంలోకి చూస్తూ వాళ్ళకి జవాబులు చెబుతున్నాడు. మధురవాడ దాటేదాకా నాకు ఏదో వెలితిగానే ఉంది. ఏమిటా అని వెతుక్కుంటే చివరికి దొరికింది. బండిలో వినడానికి ఏమీ లేదు.

ఒకప్పుడు ఇదే దారిలో, ఇలాగే వెనక సీట్లో కూర్చుని వినడం నా ఉద్యోగం.

అప్పుడు నాకు పదో పదకొండో. అమ్మ పోయి ఏడాది కాలేదు. నాన్న ఓడల్లో వంటింటి పని చేసేవాడు. ఆయన ఫలానా రేవులో ఉన్నాడని మాకు ఉత్తరం అందేసరికి ఓడ ఇంకో రేవుకి వెళ్ళిపోయి ఉండేది. నన్ను విజయనగరంలో మిషను వాళ్ళ హాస్టల్లో వేశారు. వేసవి సెలవులిచ్చిన రోజు సాయంత్రానికి హాస్టలంతా ఖాళీ అయి, వంటామె, నేను, ఒక కుక్కా మిగిలాం. మా నాన్న నా కోసం విమానంలో వస్తున్నాడని వంటామెతో చెప్పాను. పాపం ఆవిడ నమ్మి, ఆకాశంలో ఏ కాస్త చప్పుడైనా గరిటె పట్టుకునే బయటికొచ్చి చూసేది. నాలుగో రోజు మధ్యాహ్నం బస్సు దిగి, గ్రీజు మరకల చొక్కాతో మావయ్య వచ్చాడు. విమానం ఏదిరా అన్నట్టు చూసింది ఆవిడ. ఊరి బయట దింపి వచ్చాడని చెప్పాను.

మావయ్య అమ్మకి అన్న. పెళ్ళి చేసుకోలేదు. రేవుపట్నంలో పూర్ణా మార్కెట్ వెనక సందులో కార్లు బాగుచేసే షెడ్డు ఉండేది ఆయనకి. షెడ్డు వెనకాలే ఒక గది, ఒక నులకమంచం, ఒక కిరసనాయిలు స్టవ్వు. అదే సంసారం. "రెండు నెల్లు నా కాడుండు. తరవాత సంగతి తరవాత సూద్దాం" అన్నాడు బస్సులో. ఆ రెండో మాట ఆ వేసవంతా నా గొంతులో చేపముల్లులా ఉండిపోయింది.

ఆ షెడ్డు వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. ఒక పక్కనుంచి మార్కెట్లో దించుతున్న ఉల్లిపాయల బస్తాల ఘాటు, బెల్లం మగ్గిన వాసన, అరిటాకుల పచ్చి వాసన. ఇంకో పక్కనుంచి పెట్రోలు, కాలిన ఆయిలు. గాలి రేవు వైపునుంచి తిరిగితే వీటన్నిటి మీదా ఎండుచేప వచ్చి కూర్చునేది. అన్నం ఏ కూరతో తిన్నా అందులో కొంచెం గ్రీజు తగిలేది. వారం రోజుల్లో అది లేకపోతే కూర చప్పగా అనిపించడం మొదలైంది.

మావయ్యకి ఊళ్ళో పేరున్నది ఆయన చెవి వల్లనే. బండి ఏ జబ్బుతో వచ్చినా ఇంజను ఆన్ చేయించి, పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద ఆనించి, పిడిని పళ్ళ మధ్య కరిచి పట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. అలా ఇంజను మీద నాలుగైదు చోట్ల. కళ్ళు తెరిచి ఏ వాల్వు, ఏ బేరింగు అని చెప్పేస్తే అదే అయ్యేది. మిగతా మేస్త్రీలు పిడిని చెవికి ఆనిస్తారు, ఈయన పళ్ళతో వింటాడని జనం గొప్పగా చెప్పుకునేవారు.

అసలు సంగతి నాకు మూడో రోజున బయటపడింది. ఆయన బానెట్లో తల పెట్టి పని చేస్తుంటే వెనకనుంచి ఆకలేస్తోందని పిలిచాను. పలకలేదు. గట్టిగా పిలిచాను. పలకలేదు. అనుమానం వచ్చి, ఒరే దున్నపోతా అన్నాను. చలనం లేదు. అంతే, హాస్టల్లో ఏడాది పాటు నేర్చుకున్నవన్నీ వరసగా వినిపించాను, మంచివి రెండేసి సార్లు. ఆయన ఉన్నట్టుండి ఇటు తిరిగాడు. అయిపోయాననుకున్నాను. సబ్బుముక్క తెమ్మన్నాడు.

ఆ సాయంత్రం స్టవ్వు దగ్గర తనే చెప్పాడు. ఎదర కొట్టువాడు నవ్వతన్నాడు కాబట్టి ఏవో మంచి మాటలే అనుంటావన్నాడు. షెడ్డు పెట్టకముందు పన్నెండేళ్ళు ఓడల్లో తుప్పు కొట్టే పని చేశాడట. కిటికీ లేని ఇనప గదుల్లో పదేసి మంది కూర్చుని సుత్తులతో గోడలు కొట్టాలి. రెండు చెవులూ అక్కడే వదిలేసి వచ్చాడు. ఎదటి మనిషి పెదాలు చూసి మాట పట్టుకుంటాడు. ఇంజను సంగతి పళ్ళు చెబుతాయి. కానీ నడుస్తున్న బండిలో స్క్రూడ్రైవరు కరిచి కూర్చోలేడు గదా. "సెవి మీదే నడస్తంది ఈ షెడ్డు. ఎవులికైనా తెలిసిందా, మూసీడమే. నువ్వు కూడా బండిలో ఒస్తావా?" అన్నాడు.

అలా నాకు ఉద్యోగం వచ్చింది.

అదేం పనో ఈ కాలం వాళ్ళకి చెప్పాలి. ఇంజను అరిగిపోతే దాన్ని విప్పి, లోపల బోరు చేసి, కొత్త పిస్టన్లు వేసేవారు. అలా చేసిన ఇంజను బాలింతలాంటిది. మొదటి అయిదొందల మైళ్ళు గంటకి ముప్ఫై మైళ్ళు మించి పరిగెత్తించకూడదు. కార్లున్న పెద్దమనుషులకి అంత ఓపిక ఎక్కడిది? ఆ అయిదొందల మైళ్ళూ మేస్త్రీనే నడిపి, చప్పుడు లేకుండా చేసి ఇమ్మనేవారు. వెనక అద్దం మీద సున్నంతో ఇంగ్లీషులో ‘రన్నింగ్ ఇన్’ అని రాసి, నీళ్ళ డబ్బా, సామాన్ల పెట్టె ముందు సీట్లో పెట్టి, సోడి అంబలి, ఉల్లిపాయా కేరేజీలో సర్దుకుని బయల్దేరేవాళ్ళం. ఎవరి బండో, ఎవరి పెట్రోలో. ఒక రోజు భీమిలి, ఒక రోజు తాటిపూడి, ఒక రోజు కొత్తవలస తోటలు. మొత్తం ఉత్తరాంధ్రలో మాకంటే నెమ్మదిగా షికారు చేసినవాళ్ళు లేరు. తగరపువలస దగ్గర ఒక ఎడ్లబండి మమ్మల్ని దాటి వెళ్ళింది. దాటాక కుడివైపు ఎద్దు వెనక్కి తిరిగి మా వైపు జాలిగా చూసింది. ఇది కావాలంటే కొట్టేసుకోండి.

వెనక సీటు మధ్యలో కూర్చుని వినాలి. మాట్లాడి లాభం లేదు, మావయ్య కళ్ళు రోడ్డు మీద ఉంటాయి, అదురుతున్న అద్దంలో నా పెదాలు ఆయనకి ఆనవు. తేడా శబ్దం వస్తే కుడి భుజం మీద ఒక్కసారి తట్టాలి. బండి పక్కకి ఆపి వెనక్కి తిరిగి, "ఎలగుంది శబ్దం?" అని అడుగుతాడు. అప్పుడు చెప్పాలి. అంతే. మూడేసి గంటలు నోరు మూసుకుని కూర్చోవడం నాలాంటి వాగుడుకాయకి ఎంత శిక్షో ఊహించండి. పక్కనుంచి తాటితోపులు, ఎర్ర మట్టి దిబ్బలు, జీడితోటలు అంత నెమ్మదిగా వెళ్ళిపోతుంటే నాకు ఒక్కోసారి ఏడుపొచ్చేది. అదిగో చూడు అని చెప్పడానికి ఎవరూ లేకపోతే సముద్రం కూడా ఉత్త నీళ్ళే. ఏడ్చినా ఇబ్బంది లేదు, గట్టిగానే ఏడవొచ్చు. ఒకసారి భీమిలి దారిలో అలా ఏడ్చాను కూడా.

శబ్దాల గురించి అబద్ధం ఆనందపురం జంక్షన్లో మొదలైంది. ఆ రోజు ఎటు వెళ్తున్నామని అడిగితే ఈసారి ఇజీనారం దాకా అన్నాడు. విజయనగరం హాస్టల్లో దింపేయడానికేనని నిశ్చయం చేసుకున్నాను. నా బట్టల సంచీ షెడ్లోనే ఉందన్న ఆలోచన రాలేదు. ఆనందపురం చేరేసరికి ఇంక ఆగలేక భుజం తట్టాను. ఆపి తిరిగాడు. "ఎలగుంది శబ్దం?"

ఏం చెప్పను? కుడి పక్కనుంచి, కుండలో గచ్చకాయలు కదిపినట్టుందన్నాను.

ఆయన నా మొహం వంకే కొంచెంసేపు చూశాడు. దిగి, బానెట్ ఎత్తి, ఏదో నట్టు పావు చుట్టు బిగించాడు. ఇంత శబ్దంతో ఇజీనారం దాకా వద్దులే, ఇక్కడినుంచే తిరిగిపోదామన్నాడు. నీడలో నిలబడి అల్లం టీ తాగాం. కూరగాయల బళ్ళు పట్నం వైపు తిరుగుతుంటే ఏ బండి ఏ ఊరిదో ఆనవాళ్ళు చెప్పాడు. వంటామె గురించి చెప్పాను, విమానం గురించి చెప్పాను. పడీ పడీ నవ్వాడు. అరగంట పైనే ఆగాం. ఎక్కేటప్పుడు, "బాగా ఇన్నావురా" అన్నాడు.

ఇంక చూసుకోండి. శబ్దం లేకపోతే నేను దేనికి? పనికొచ్చే చెవుల్ని ఎవరు హాస్టలుకి పంపిస్తారు? ప్రతి ప్రయాణంలోనూ రెండో మూడో శబ్దాలు కనిపెట్టాను. జీడితోటల దగ్గర ఎలక పళ్ళు నూరినట్టు. తాటిపూడి గట్టు మీద ముసలాయన గొంతు సవరించుకున్నట్టు. కొత్తవలస దగ్గర, తడిబట్ట పిండినట్టు. ప్రతిసారీ ఆపేవాడు. ప్రతిసారీ ఏదో ఒకటి బిగించేవాడు. ఆపిన చోట ఏది దొరికితే అది కొనేవాడు, తాటిముంజెలో, ఈతపళ్ళో, ఆకులో పొట్లం కట్టిన పనస తొనలో. అవి తినేదాకా మాట్లాడుకునేవాళ్ళం. జీడిపండు రసం నా ఒక్క చొక్కాకీ మరక చేసి కూర్చుంది. ఆ మరక మా అమ్మ తప్ప ఎవరూ వదిలించలేరన్నాను. అవునన్నాడు. ఆ రోజు తినడం అయిపోయినా బండి వెంటనే తీయలేదు.

నేను కళ్ళారా చూసిన మేస్త్రీల్లో అంత గొప్ప మేస్త్రీ, లేని శబ్దానికి నట్టు బిగిస్తున్నాడని నాకు లోలోపల నవ్వు. అంత నవ్వులోనూ భయం. జూన్ దగ్గర పడుతోంది.

జూన్‌కి రెండు వారాలుందనగా డాక్టరమ్మ గారి బూడిదరంగు కారు వచ్చింది. యాభై ఏళ్ళావిడ, ఒంటరి మనిషి, తెల్ల చీర, మెళ్ళో సన్న గొలుసుకి చిన్న శిలువ. మావయ్యకి ఆవిడంటే దేవుడి తరవాత దేవుడు. ఎందుకో నాకు అప్పుడు తెలియదు. బోరింగయ్యింది, నాలుగొందల మైళ్ళూ అయ్యాయి. ఆఖరి వంద మైళ్ళలో అనంతగిరి ఘాటు రోడ్డు ఎక్కించడం మావయ్య అలవాటు. ఘాటెక్కి దిగిన ఇంజనుకి ఇంక తిరుగులేదనేవాడు. ఆ మాట విని డాక్టరమ్మ, ఆదివారం ప్రార్థన తెల్లారకుండానే అయిపోతుంది మేస్త్రీ, నేనూ వస్తాను, ఇన్నేళ్ళయి ఈ ఊళ్ళో ఉండి ఆ కొండలు చూడలేదంది. మావయ్య కాదనలేకపోయాడు.

ముందురోజు నన్ను కూర్చోబెట్టి చెప్పాడు. ఆవిడ వెనక సీట్లో నా పక్కనే ఉంటుంది. నోటితో శబ్దం అన్న మాట ఎత్తకూడదు. నేను తడితే, నీళ్ళు పోయాలని చెప్పి ఆపుతాడు.

పెందుర్తి, కొత్తవలస, కోట ఊళ్ళు దాటాం. ఆవిడ కిటికీలోంచి చూస్తూ చిన్నపిల్లలా ఉంది. పొట్లం విప్పి నాకు కేకు ముక్క ఇచ్చింది, తనది తినేముందు కళ్ళు మూసుకుని ఏదో అనుకుంది. బొడ్డవర దాటి ఘాటు మొదలైంది. రోడ్డు ఎగుడు దిగుడు, బండి మొత్తం అదురుతోంది. రెండో మలుపులో అది వినబడింది.

ఈ శబ్దానికి నేను పోలిక వెతుక్కోలేదు. కిందనుంచి, లోతుగా, గదిలో పెట్టి గొళ్ళెం వేసిన మనిషి లోపలినుంచి తలుపు బాదుతున్నట్టు. దబ్, దబ్, దబ్.

భుజం తట్టాను. మావయ్య అద్దంలో నన్ను చూసి నవ్వాడు. ఆపలేదు. మళ్ళీ తట్టాను, గట్టిగా. ఎడమ చెయ్యి వెనక్కి తెచ్చి నా చేతిని రెండుసార్లు నిమిరి మళ్ళీ గేరు మీద వేశాడు. శబ్దం పెద్దదవుతోంది. నాకు వినబడుతున్నది పక్కనావిడకి వినబడదా? వినబడి, మేస్త్రీ, ఏమిటా చప్పుడు అని ఆవిడ అడిగితే, ఆయన పలకకపోతే?

అప్పుడు నాకు తోచింది ఒక్కటే. ఆ శబ్దం కంటే గట్టిగా మాట్లాడాలి.

మొదలుపెట్టాను. రేవు పక్కనున్న డాల్ఫిన్ కొండకి తుఫాను ముందు తుమ్ములొస్తాయన్నాను. రేవులో క్రేను ఒకటి పొరపాటున బొగ్గుబండితో పాటు టీసీని కూడా ఎత్తి ఓడలో వేసేస్తే ఆయన సింగపూర్లో దిగి అక్కడే టిక్కెట్లు అడుగుతున్నాడన్నాను. మా నాన్న కప్తాను అన్నాను. తిమింగలం కడుపులో మా నాన్న వాచీ దొరికిందనీ, అది ఇంకా సరైన టైమే చూపిస్తోందనీ చెప్పాను. ఆవిడ నా వైపే తిరిగి అన్నీ వింటోంది. దబ్ దబ్ మంటుంటే నేనింకా గొంతు పెంచాను.

"మరి మీ అమ్మ?" అంది డాక్టరమ్మ.

"షెడ్లో వంట సేస్తంది" అన్నాను.

ఆవిడ మెళ్ళో శిలువని ఒకసారి పట్టుకుంది. తరవాత, "ఇవాళేం వండుతానంది?" అని అడిగింది.

"నెత్తళ్ళ పులుసు. మామిడికాయేసి. మేం తిరిగెళ్ళేదాకా మూత తియ్యదు" అన్నాను. ముందు సీట్లో మావయ్య అద్దంలో మా ఇద్దర్నీ చూసి, కబుర్లు బాగా సాగుతున్నాయన్న సంతోషంతో తల ఊపాడు. ఆఖరి రోజుల్లో అమ్మ మంచం పక్కన కూర్చున్న డాక్టరు ఆవిడేనని, అమ్మ రెప్పలు మూసింది ఆవిడ చెయ్యేనని, నాకు చాన్నాళ్ళ తరవాత తెలిసింది.

ఇంకో రెండు మలుపులు. పెద్దగా కీచుమని, ఇంజను పట్టేసింది. బండి వెనక్కి జారబోతుంటే మావయ్య బ్రేకు తొక్కి పట్టాడు, నేను దూకి చక్రం కింద రాయి వేశాను. ఆయన దిగి బానెట్ ఎత్తాడు. ఆవిరి, కాలిన ఆయిలు కంపు. ఆయన వెనక నిలబడి డాక్టరమ్మ నెమ్మదిగానే అంది, ఆ చప్పుడు చాలాసేపటినుంచి వస్తూనే ఉందని, పిల్లవాడు ఎందుకంత గట్టిగా మాట్లాడుతున్నాడో తెలియక ఊరుకున్నానని. ఆయన పలకలేదు. మళ్ళీ అంది. మావయ్య ఆలోచిస్తున్నాడండీ అన్నాను. ఆవిడ నా వంక చూసింది, ఆయన వీపు వంక చూసింది. అటు చుట్టూ తిరిగి వెళ్ళి ఆయనకి ఎదురుగా నిలబడింది.

"మీకు వినబడదు కదూ?"

మావయ్య గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. ఒక్కో వేలూ తుడుచుకున్నాడు.

"నేదమ్మగారు" అన్నాడు.

ఆవిడ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. కొండదారిలో, చిన్నపిల్లవాడితో, ఇది తగదంది. ఎవరికీ నేను చెప్పను, మీరే చెప్పండంది. అలాగేనన్నాడు మావయ్య. కిందికి వెళ్తున్న జీపు ఆపి ఎక్కి వెళ్ళిపోయింది. వెళ్ళేముందు నా నెత్తి మీద చెయ్యి వేసింది.

లాగడానికి లారీ దొరికేదాకా కల్వర్టు గోడ మీద కూర్చున్నాం. ఎదురుగా లోయ, లోయలో పనసచెట్లు, చెట్ల మీద మబ్బు నీడలు. అంత అందమైన చోటు నేను మళ్ళీ చూడలేదు, చూడాలనీ లేదు. కాసేపయ్యాక మావయ్య మొహానికి ఎదురుగా వెళ్ళి నిలబడి అడిగాను, రెండుసార్లు తట్టాను కదా, ఎందుకు ఆపలేదని.

"ఎప్పట్నాగే అనుకున్నాను."

"ఎప్పట్లాగే అంటే?"

"నేని శబ్దం."

గేరు రాడ్డు మీద అరచెయ్యి పెడితే ఇంజను సంగతి తెలిసిపోతుందిరా అన్నాడు. చదును రోడ్డు మీద తన అరచేతికి దొరకని శబ్దం ఉండదు. ఈ ఘాట్లో రోడ్డే అదిరిపోతుంటే ఏం తెలియలేదు. నేను చెప్పిన గచ్చకాయలూ ఎలకలూ ముసలాయన గొంతూ ఒక్కటీ లేవని, ఆనందపురం దగ్గరే, మొదటి రోజే తెలుసన్నాడు.

"మరెందుకు ఆపేవోడివి?"

ఆయన లోయ వంక చూశాడు. మళ్ళీ నా వంక తిరిగాడు.

"బండి నడుపుతుంటే అద్దంలో నీ మొకం సరీగా కనబడదు కదరా. మొకం కనబడకపోతే నువ్వేటి సెప్తన్నావో నాకు తెల్దు. ఆపితే కనబడతాది."

తరవాత, ఏదో మర్చిపోయిన పని చెప్పినట్టు అన్నాడు, మార్కెట్ పక్క బడిలో నీ గురించి మాట్లాడేశాను, జూన్లో చేర్చుకుంటామన్నారని. ఎప్పుడు మాట్లాడావని అడిగాను. నిన్ను తీసుకొచ్చిన మర్నాడే అన్నాడు.

మొదటి దెబ్బకే ఆపి ఉంటే ఒక్క బేరింగుతో పోయేది. ఇంజను మొత్తం పోయింది. మావయ్య మాట తప్పే మనిషి కాదు. మర్నాటినుంచి షెడ్డుకొచ్చిన ప్రతివాళ్ళకీ తనే చెప్పాడు, నాకు చెవులు లేవు బావూ అని. అయ్యో అన్నారు, అలాగా అన్నారు, బళ్ళు తీసుకుపోయారు. డాక్టరమ్మ మాత్రం తన కారు ఆయన చేతే మళ్ళీ చేయించుకుంది. నడిపి చూడ్డానికి వేరే మేస్త్రీ వచ్చాడు. ఆ కారు వెళ్ళిపోయాక షెడ్డు ఖాళీ. జూన్లో బడి తెరిచేసరికి సామాన్లు ఎవరికో ఇచ్చేసి, ఆనందపురం జంక్షన్లో లారీల టైర్లకి పంచర్లు వేసే చోట చేరాడు. రాత్రి అక్కడే టైర్ల మధ్య పడక. అక్కడ నన్నెక్కడ పెడతాడు? నేను మళ్ళీ హాస్టలుకి వెళ్ళాను. వంటామె నన్ను చూసి, ఈసారి విమానం రాలేదా అంది. ఆవిడకి చెప్పడానికి నాకు ఏ కథా రాలేదు.

విజయనగరం బస్సు ఆనందపురంలో పది నిమిషాలు ఆగేది. సెలవులకి పట్నంలో స్నేహితుల ఇళ్ళకి వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ దిగి పరిగెత్తేవాణ్ణి. ఆయన గాలి కొట్టిన ట్యూబుని నీళ్ళ తొట్టిలో ముంచి తిప్పుతూ ఉండేవాడు. చిల్లి ఉన్నచోట బుడగలు లేచేవి. దీనికి సెవులక్కర్నేదురా, కళ్ళు సాలు అని నవ్వేవాడు. చేతులు తుడుచుకుని నాకు ఎదురుగా నిలబడి, ఇంక సెప్పు అనేవాడు. పది నిమిషాల్లో ఎన్ని పడితే అన్ని చెప్పేవాణ్ణి. డ్రైవరు హారను కొడితే ఆయనకి వినబడదు గదా, నేనూ విననట్టే ఉండేవాణ్ణి.

హాస్టల్లో ఆఖరి ఏడు, ఒకసారి బస్సు నిండా నా స్నేహితులే. కిటికీ పక్కన కూర్చుని ఏదో పెద్ద కథ మంచి పట్టులో చెబుతున్నాను, అందరూ నోళ్ళు తెరుచుకుని వింటున్నారు. బస్సు ఆగింది. దిగుదాం, ఈ ముక్క అవగానే దిగుదాం అనుకున్నాను. మావయ్య రెండు టీ గ్లాసులు పట్టుకుని బస్సు పక్కనే నడుస్తూ కిటికీలన్నీ వరసగా చూసుకుంటూ వస్తున్నాడు. నా కిటికీకి రెండు కిటికీల దూరంలో ఉండగా బస్సు కదిలిపోయింది. అప్పుడు పిలిచాను. ఆ తరవాతి సెలవులకి నేను వచ్చేసరికి తొట్టి దగ్గర వేరే మనిషి ఉన్నాడు. జ్వరం వచ్చి మూడు రోజుల్లో పోయాడని టీ కొట్టువాడు చెప్పాడు.

ఆ రోజు బస్సులో చెబుతున్న కథేమిటో ఎంత తలుచుకున్నా నాకు గుర్తు రాదు.

మొన్న ఆదివారం మా మేనల్లుడి బండి ఆనందపురం చేరేసరికి ఆ జంక్షనే కనబడలేదు. వంతెన దాని నెత్తి మీదుగా వెళ్ళిపోతోంది. ఏ బస్సూ ఆగక్కర్లేదు. వాడు గాల్లోకి చూస్తూ ఎవరితోనో నవ్వుతున్నాడు. బండి చప్పుడు లేకుండా వంతెన వైపు జారిపోతోంది. నేను ముందుకి వంగి వాడి కుడి భుజం మీద ఒక్కసారి తట్టాను.

వాడు కంగారుగా పక్కకి తీసి ఆపాడు. చెవుల్లోంచి గింజలు తీసి, వెనక్కి తిరిగాడు. "ఏటి మావయ్యా?"

"ఏదో శబ్దం వస్తందిరా."

"ఇంజనే లేదు కదా మావయ్యా" అన్నాడు. అని, ఇంకేదో అనబోయి ఆగి, నా మొహం వంకే కొంచెంసేపు చూశాడు. గింజలు రెండూ చొక్కా జేబులో వేసుకున్నాడు.

"ఎలా ఉంది శబ్దం?" అని అడిగాడు.